రాయి లేని సీమలో ఖనిజాల పుట్టుక

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థులు, బడి ఉపాధ్యాయులు, రైతులు హాజరైన సభలో ఒక భూగర్భశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కోనసీమలో ఖనిజాల మీద మాట్లాడతానంటే, "ఇక్కడ రాయే లేదు కదండీ" అన్నారు నిర్వాహకుల్లో ఒకరు. నిజమే. ఏటిగట్టుకు పేర్చే రాయి దగ్గర నుంచి ఇంటి పునాదిలో వేసే రాయి దాకా ఎగువ నుంచి లారీల్లో రావాల్సిందే. బోరు దింపితే ఇసుక, దాని కింద బంకమట్టి, మళ్లీ ఇసుక. ధవళేశ్వరం దగ్గర గౌతమిగా, వసిష్ఠగా చీలిన తర్వాత సముద్రం దాకా గోదావరికి ఒక్క కొండ కూడా అడ్డు రాదు.

సరిగ్గా అందుకే ఈ విషయం ఇక్కడ మాట్లాడాలని పట్టుబట్టాను. కొండ పక్కన ఉన్నవాళ్లకు ఖనిజం అది పుట్టిన రాతిలోనే కనిపిస్తుంది. ఇది ఎక్కడిదని అడగాల్సిన అవసరమే వాళ్లకు రాదు. డెల్టాలో ఆ ప్రశ్న అడగకుండా అడుగు ముందుకు పడదు. అంతర్వేది ఒడ్డున గుప్పెడు ఇసుక తీసుకోండి. గుల్లల పొడిని పక్కన పెడితే అందులో ఏ రేణువూ అంతర్వేదిలో పుట్టింది కాదు. త్ర్యంబకేశ్వరం దగ్గర మొదలై 1,465 కిలోమీటర్లు వచ్చిన నది అది. ఆ దారిలో దక్కన్ లావా మీదుగా, సింగరేణి బొగ్గు పొరలున్న లోయ మీదుగా, తూర్పు కనుమలను చీల్చుకుంటూ పాపికొండల గుండా వచ్చింది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తమ తమ కొండల పొడిని తెచ్చి అందులో కలిపాయి. ఇన్ని చోట్ల పుట్టినవి ఒక గుప్పెట్లో కలిసి ఉన్నప్పుడు, దేని పుట్టుక ఏదో విడదీయడం ఎలా? ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే.

కళాశాలల్లో ఖనిజాలను రసాయనం బట్టి నేర్పుతాం. ఆక్సైడ్లు, సల్ఫైడ్లు, కార్బొనేట్లు, సిలికేట్లు అంటూ. 19వ శతాబ్దం మధ్యలో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ డ్వైట్ డానా స్థిరపరచిన పద్ధతి ఇది. రసాయన కూర్పు, లోపలి స్ఫటిక నిర్మాణం ఈ రెండూ తేలితేనే ఖనిజానికి పేరు. అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఇవాళ్టికీ ఈ ఆధారాలతోనే కొత్త ఖనిజాలను గుర్తిస్తోంది. ఆ జాబితాలో ఇప్పుడు దాదాపు 6,000 పేర్లున్నాయి. ఈ పద్ధతి గట్టిది. దాన్ని తీసిపారేయమని నేను అనను. కానీ అది చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. కోరంగి మడ అడవి బురదలో పుట్టిన పైరైట్‌నూ, భూమి లోతుల్లో వేడినీటి చీలికలో బంగారంతో కలిసి పుట్టిన పైరైట్‌నూ అది ఒకే గడిలో, ఒకే పేరుతో పెడుతుంది. రెండింటిలోనూ ఇనుము, గంధకం ఒకే లెక్కలో ఉంటాయి కాబట్టి రసాయనానికి అవి ఒకటే.

కాకినాడలో ఎన్నేళ్లు కాపురం చేసినా శ్రీకాకుళం ఆడపడుచు నోరు విప్పగానే పుట్టిల్లు తెలిసిపోతుంది. ఖనిజానికీ అలాంటి ఆనవాలు ఉంటుంది. అది దాని ఆకారంలో ఉండవచ్చు, పరిమాణంలో ఉండవచ్చు, లోపల చిక్కుకుపోయిన మరో ఖనిజంలో ఉండవచ్చు, పక్కన కనిపించే తోటి ఖనిజాల్లో ఉండవచ్చు. ఆ ఆనవాలు పట్టుకుని ఖనిజాలను వాటి పుట్టుక పరిసరాల ప్రకారం విడదీయడమే రెండో పద్ధతి. కరిగిన రాయి గడ్డకట్టినప్పుడు పుట్టినవి, రాతి చీలికల్లో తిరిగే వేడినీటి నుంచి దిగినవి, లోతున వేడికీ ఒత్తిడికీ పాత రాయి మారిపోయినప్పుడు వచ్చినవి, నేల మీద ఎండకూ వానకూ రాయి చివికి మిగిలినవి, నీరు ఆవిరైపోతే దిగబడినవి, జీవులు తమ ఒంట్లోనో తమ చుట్టూనో కట్టుకున్నవి. మన రాష్ట్రంలోనే వీటన్నిటికీ తార్కాణాలున్నాయి. గూడూరు అభ్రకం పెగ్మటైట్ శిలల్లో, అంటే గ్రానైట్ కరుగు చివరి దశలో పుట్టింది. పులివెందుల రాతినార, డోలరైట్ అనే నల్లరాయి కరుగు వచ్చి డోలమైట్ సున్నపురాయిని తాకిన చోట పుట్టింది. అనంతగిరి బాక్సైట్ వానకు కడిగి కడిగి మిగిలిన అల్యూమినియం. ఆ చిట్టా అంతా ఇవాళ చదవను. మన ఇసుకకు వస్తాను.

వసిష్ఠ సముద్రంలో కలిసే మొగ పక్కన, పెద్ద అలలు వచ్చి పోయిన మర్నాడు, ఒడ్డు మీద నల్లటి చారలు కనిపిస్తాయి. ఓడల నూనె పడిందేమో అనుకుంటారు చాలామంది. అది ఇసుకే. మామూలు ఇసుకలో ఎక్కువ భాగం పలుగురాయి, అంటే క్వార్ట్జ్. అది నీటికన్నా 2.65 రెట్లు బరువు. నల్ల చారలో ఉన్నవి మూడు నుంచి ఐదు రెట్లు బరువైనవి. అల ఒడ్డెక్కేటప్పుడు అన్నిటినీ తెస్తుంది. వెనక్కి జారేటప్పుడు దానికి అంత బలం ఉండదు కాబట్టి తేలికైన పలుగురాయినే తీసుకుపోగలుగుతుంది. బరువైనవి ఉండిపోతాయి. ఇది రోజూ జరుగుతూ ఉంటే చార మందమవుతుంది.

అందులోంచి చిటికెడు తీసి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, తెల్ల కాగితం మీద పలచగా పరవండి. కాగితం కింద అయస్కాంతం కదపండి. కొన్ని రేణువులు లేచి నిలబడి అయస్కాంతం ఎటు పోతే అటు పరుగెత్తుతాయి. అవి మాగ్నెటైట్. నల్లగానే ఉండి, మామూలు అయస్కాంతానికి అంతగా లొంగనివి ఇల్మెనైట్. ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్ అది. ఇప్పుడు భూతద్దం పెట్టండి. లేత గులాబీ నుంచి ముదురు ఎరుపు దాకా మెరిసేవి గార్నెట్లు. రంగు లేకుండా, సన్నగా, పొడుగ్గా ఉన్నవి సిల్లిమనైట్. మరీ చిన్నవి, కొసలు కోసుగా ఉండి, కదిపినప్పుడల్లా తళుక్కుమనేవి జిర్కాన్. పసుపు రంగులో గుండ్రంగా అరిగినవి మోనజైట్. అణుశక్తి శాఖ ఈ తీరం మీద కన్నేసి ఉంచడానికి కారణమైన థోరియం ఉండేది ఈ మోనజైట్‌లోనే. ఈ ఇసుకను తవ్వాలా, తవ్వితే ఎంత అన్నది వేరే సభకు తగిన చర్చ. ఒక్క మాట మాత్రం అంటాను. సముద్రం కోస్తున్న తీరంలో ఇసుక దిబ్బ ఊరికి కాపలా. ఆ ఊళ్ల వాళ్లను అడగకుండా ఏ నిర్ణయమూ జరగకూడదు.

సిల్లిమనైట్ దగ్గర కాస్త ఆగుదాం. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ ఒకే లెక్కలో కలిసి మూడు వేర్వేరు ఖనిజాలవుతాయి: ఆండలుసైట్, కయనైట్, సిల్లిమనైట్. మూడింటి ఫార్ములా ఒకటే. తేడా అంతా పుట్టినచోటి వేడిలో, ఒత్తిడిలో ఉంది. ఒత్తిడి తక్కువగా ఉంటే ఆండలుసైట్, ఒత్తిడి ఎక్కువై వేడి ఓ మోస్తరుగా ఉంటే కయనైట్, వేడి బాగా ముదిరితే సిల్లిమనైట్. మూడూ కలిసి నిలకడగా ఉండగలిగేది సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడి, సుమారు 15 కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడి కలిసిన ఒక్క బిందువు దగ్గరే. అంటే ఈ మూడింటిలో ఏది దొరికిందో చూస్తే చాలు, అది పుట్టిన చోటు ఎంత లోతో ఎంత వేడో లెక్క కట్టడం మొదలుపెట్టవచ్చు. ఫార్ములా మాత్రమే తెలిసినవాడికి ఈ దారి దొరకదు.

మన సిల్లిమనైట్‌లో ఎక్కువ భాగం తూర్పు కనుమల ఖోండలైట్ శిలలది. ఆ శిలలో గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గ్రాఫైట్ కలిసి ఉంటాయి. అది మొదట్లో కొండ రాయి కాదు. అల్యూమినియం దండిగా ఉన్న బంకమట్టి. వంద కోట్ల ఏళ్ల నాటి మాట. భూపటలం కదలికల్లో ఆ మట్టి పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకు దిగి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో మారిపోయింది. మట్టిలోని సేంద్రియ పదార్థంలో మిగిలిన కార్బన్ గ్రాఫైట్ అయింది. తర్వాత కొండ పైకి లేచింది, వానకు అరిగింది, గోదావరి మోసుకొచ్చింది. కాబట్టి మీ వేలి మీద ఉన్న ఆ సన్నటి రేణువు ఒకప్పటి బురద నుంచి పుట్టి, ఇప్పుడు మళ్లీ బురద పక్కనే వచ్చి పడింది.

అయితే ఒక్క రేణువును పట్టుకుని పుట్టుక చెప్పేయడం అన్నిసార్లూ కుదరదు. క్వార్ట్జ్ గ్రానైట్‌లో పుడుతుంది, వేడినీటి చీలికలో పుడుతుంది, లావా బుడగల్లో అగేటుగా పుడుతుంది, ఇసుకరాయిలో రేణువులను అతికే బంకగానూ పుడుతుంది. ఒంటరిగా దొరికిన పలుగురాయి ముక్క నోరు విప్పదు. అప్పుడు దాని సహవాసం చూడాలి. ఈ ఆలోచనను 1849లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో పనిచేసిన ఆగస్ట్ బ్రైట్‌హాప్ట్ ఒక శాస్త్ర విషయంగా నిలబెట్టాడు. ఫలానా రాయి కనిపిస్తే ఫలానా ధాతువు దగ్గర్లో ఉంటుందని గని పనివాళ్లకు అంతకు ముందే తెలుసు. ఆయన దాన్ని క్రమంలో పెట్టాడు. 1915 ప్రాంతంలో ఫిన్లండ్ శాస్త్రవేత్త పెంటి ఎస్కోలా మరో మెట్టు ఎక్కాడు. రాయిలో కలిసి ఉన్న ఖనిజాల గుంపును చూసి ఆ రాయి ఎంత వేడికీ ఎంత ఒత్తిడికీ లోనయిందో చెప్పవచ్చని చూపాడు. మన పద్ధతికి ఈ ఇద్దరూ పునాది.

సహవాసం ఎంత దూరం దారి చూపుతుందో చెప్పడానికి మన లోయలోనే ఒక అద్భుతమైన కథ ఉంది. కొత్తగూడెం వైపు గరీబ్‌పేట అనే చోట ఒక గుట్ట ఉంది. గుట్ట నిండా గార్నెట్లే. అక్కడికి చాలా దూరంలో, పుదుచ్చేరి పక్కన అరికమేడు ఉంది. రోమ్ వ్యాపారులతో లావాదేవీలు నడిపిన ప్రాచీన రేవు. అక్కడి తవ్వకాల్లో ఎర్రటి గార్నెట్ పూసలు దొరికాయి. ఆ పూసల రాయి ఎక్కడిది? ఎర్ర గార్నెట్ దేశంలో ఎన్నో చోట్ల ఉంది, కంటికి అన్నీ ఒకటే. పరిశోధకులు పూసలోపలికి చూశారు. గార్నెట్ పెరుగుతున్నప్పుడు అందులో చిక్కుకున్న సిల్లిమనైట్ సన్నటి పోగులు ఎక్కడ, ఎలా ఉన్నాయో గమనించారు. గార్నెట్ నడిమి నుంచి అంచుకు రసాయన కూర్పు ఎలా మారుతోందో కొలిచారు. గరీబ్‌పేట రాళ్లతో పోల్చారు. రెండూ సరిపోయాయి. 2017లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. చెక్కి, నునుపు చేసి, రంధ్రం పొడిచి, సముద్రపు రేవుకు చేర్చినా ఆ రాయిలో పుట్టినచోటి ఆనవాలు చెక్కుచెదరలేదు. నాకు ఖనిజశాస్త్రం మీద ఎప్పుడైనా విసుగు వస్తే ఈ పూసలను తలచుకుంటాను.

ఇక మన నల్లరేగడి. రైతు సోదరులు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి దీన్ని దాటవేయను. గోదావరి పరీవాహకంలో పెద్ద భాగం దక్కన్ లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, 1,100 డిగ్రీలకు పైబడిన వేడిలో పొంగి గడ్డకట్టిన బసాల్ట్. గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కంకర కోసం పగలగొట్టే నల్లరాయి కూడా అదే కాలపు లావా. ఆ రాయిలో పైరాక్సీన్, కాల్షియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్, ఇనుము టైటానియం ఆక్సైడ్లు ఉంటాయి. మరి మన ఇసుకలో పైరాక్సీన్ ఎందుకు తక్కువ? 1938లో శామ్యూల్ గోల్డిచ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీనికి జవాబు చెప్పాడు. కరుగు చల్లారేటప్పుడు ఎక్కువ వేడిలో ముందుగా గడ్డకట్టిన ఖనిజాలే నేల మీద ముందుగా చివికిపోతాయి. చివర్లో, తక్కువ వేడిలో గడ్డకట్టే క్వార్ట్జ్ అన్నిటికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. పుట్టినచోటికీ ఇప్పుడు నిలబడ్డ చోటికీ ఎంత తేడా ఉంటే ఖనిజానికి అంత గడ్డుకాలమన్నమాట. జిర్కాన్‌లు ఈ వరుసకు లొంగవు. ఎంత వేడిలో పుట్టినా అవి మొండిగా బతుకుతాయి. కానీ లావా ఖనిజాల విషయంలో సూత్రం బాగా పనిచేస్తుంది.

చివికిన ఆ ఖనిజాలు మాయమైపోవు. పైరాక్సీన్, ఫెల్డ్‌స్పార్ వాన నీటితో కలిసి స్మెక్టైట్ జాతి బంక ఖనిజాలుగా మారతాయి. వీటి పుట్టుక అగ్నిలో కాదు, తడి ఆరుతూ మళ్లీ తడుస్తూ ఉండే నేలలో. పొరలు పొరలుగా ఉండి, మధ్యలోకి నీరు దూరితే ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి. వేసవిలో మీ చేలో నెర్రెలు విచ్చడం, దమ్ము చేసిన మడిలో నీరు ఇంకిపోకుండా నిలవడం ఈ బంక వల్లే. అదే ద్వారకా తిరుమల వైపు మెరకలకు వెళ్తే నీరు ఎప్పటికప్పుడు కిందికి జారిపోయి, కడిగేసి, తెల్లటి సుద్దమట్టిని మిగిల్చింది. అందులో కయోలినైట్ ఎక్కువ. నీరు నిలిచేచోట ఒక ఖనిజం, జారేచోట మరొకటి. వరి పండించేవాడికి ఈ తేడా ఏ పుస్తకం చదవకుండానే తెలుసు.

ఇంతవరకూ వలస వచ్చిన ఖనిజాల గురించి చెప్పాను. డెల్టాలోనే పుట్టేవీ ఉన్నాయి. రాయి లేదు కాబట్టి ఇక్కడ ఖనిజం పుట్టదనుకోవడం పొరపాటు.

కాకినాడ పక్కన ఉప్పుమడులు చూడండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీరు ఎండకు ఇగిరే కొద్దీ ఖనిజాలు ఒక వరుసలో దిగుతాయి. 1849లో ఉసిలియో అనే ఇటలీ రసాయన శాస్త్రవేత్త మధ్యధరా సముద్రపు నీటితో దీన్ని లెక్కగట్టాడు. నీరు సగానికి వచ్చేసరికి కాల్షియం కార్బొనేట్, ఐదో వంతుకు వచ్చేసరికి జిప్సం, పదో వంతుకు వచ్చేసరికి మనం తినే ఉప్పు. ఇంకా మిగిలిన చేదునీటిలో మెగ్నీషియం, పొటాషియం లవణాలు ఉంటాయి. ఉప్పు రైతు ఒక మడి నుంచి మరో మడికి నీరు మళ్లించేది ఇందుకే. జిప్సం ముందు మడుల్లోనే దిగిపోవాలి, చేదునీరు బయటికి పోవాలి, మధ్యలో దిగినదే మంచి ఉప్పు. రాజస్థాన్‌లో, పాకిస్తాన్‌లో ఉన్న పాత ఉప్పు, జిప్సం పొరలు చూసి ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఇగిరిపోయిందని చెప్పగలుగుతున్నామంటే, ఆ వరుస ఇవాళ్టి మడిలోనూ అదే కాబట్టి.

గుల్లల మాటా చెప్పాలి. కాకినాడ అఖాతంలో దొరికే గుల్లల్లో చాలావాటి గోడ అరగొనైట్. కాల్షియం కార్బొనేట్‌కు రెండు ముఖ్యమైన రూపాలు: కాల్సైట్, అరగొనైట్. నేల మీది మామూలు ఒత్తిడిలో నిలకడైనది కాల్సైట్. అరగొనైట్‌కు నిజానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. భూఫలకాలు ఒకదాని కిందికి ఒకటి దూరే చోట్ల లోతున అది పుడుతుంది. అదే ఖనిజాన్ని ఈ చిన్న జీవి బురదనీటిలో, మనం స్నానం చేసే వేడిలో, తన ఒంటి చుట్టూ కట్టుకుంటుంది. ఆ గుల్లను కాల్చితే వచ్చేదే మన పాత ఇళ్ల గోడలకు పూసిన గుల్లసున్నం. ఈ ఖనిజాన్ని 'కార్బొనేట్' అని ఒక్క మాటలో తేల్చేస్తే జీవి చేసిన పని అంతా చెప్పకుండా వదిలేసినట్టే.

ఇప్పుడు బురదకు వద్దాం. ఇవాళ నేను చెప్పేవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది.

కోరంగి మడ అడవిలో ఆటు సమయంలో కాలవ ఒడ్డున బురద పైపొర గోధుమరంగులో ఉంటుంది. ఒక జానెడు లోతు తవ్వితే నలుపు తగులుతుంది, దానితోపాటే కుళ్లిన గుడ్డు వాసన. అక్కడ ఏం జరుగుతోందంటే, మడ చెట్ల ఆకులు, వేళ్లు బురదలో కూరుకుపోతాయి. లోపల ఆక్సిజన్ ఉండదు. అలాంటి చోట బతికే బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని ఆ ఆకును తింటుంది. తిన్నాక వదిలేది హైడ్రోజన్ సల్ఫైడ్. మీ ముక్కుకు తగిలేది అదే. ఆ వాయువు, గోదావరి మోసుకొచ్చిన మట్టిలోని ఇనుముతో కలిసి ముందు నల్లటి సల్ఫైడ్ అవుతుంది, తర్వాత పైరైట్ అవుతుంది. సల్ఫేట్ సముద్రానిది, ఇనుము నదిది, ఆకు అడవిది. మూడూ గాలి చొరని బురదలో కలవాలి. డెల్టా మొగల దగ్గర ఇవి రోజూ కలుస్తూనే ఉంటాయి.

ఈ పైరైట్ కంటికి కనిపించదు. సూక్ష్మదర్శినిలో చూస్తే మిల్లీమీటరులో వందో వంతు ఉండే చిన్న గోళాలు, ఒక్కో గోళంలో వందల నుంచి వేల దాకా బుల్లి స్ఫటికాలు కిక్కిరిసి ఉంటాయి. వేడినీటి చీలికల్లో నిదానంగా పెరిగిన పైరైట్ అలా ఉండదు. వేలెడంత ఘనాలుగా, పసుపు లోహపు మెరుపుతో ఉంటుంది. అలాంటి ఘనాన్ని అరలో పెడితే చాలావరకు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మడ బురద పైరైట్‌ను గాలికి పెట్టండి. అన్ని బుల్లి స్ఫటికాలకు కలిపి గాలి తగిలే చోటు లెక్కలేనంత. ఆక్సిజన్ తగలగానే అది చెడి గంధకామ్లం పుడుతుంది. ప్రపంచంలో ఎక్కడైనా మడ నేలలను తవ్వి గట్లు పోసిన చోట, మట్టిలో సున్నం చాలకపోతే, ఇదే జరుగుతుంది. గట్టు మీద లేత పసుపు మరకలు తేలతాయి. అది జారోసైట్ అనే మరో ఖనిజం, ఆమ్లంలో పుట్టేది. వాన పడితే ఆ ఆమ్లం చెరువులోకి దిగుతుంది, చేప మొప్పలు దెబ్బతింటాయి, రొయ్య గుల్ల గట్టిపడదు. చెరువుల్లో సున్నం చల్లడానికి ఉన్న కారణాల్లో ఈ ఆమ్లాన్ని విరవడం ఒకటి.

రెండు పైరైట్ల ఫార్ములా ఒకటే. ఒకటి అరలో అలంకారంగా ఉంటుంది, మరొకటి గాలి తగిలితే నేలను పులియబెడుతుంది. ఆ తేడా తెచ్చింది పుట్టుక. మడ అడవిని తవ్వే ముందు మట్టి పరీక్ష చేయించండి అని నేను పదే పదే చెప్పేది ఇందుకే. నీటి కింద, గాలి తగలకుండా ఉన్నంతకాలం ఆ పైరైట్ ఎవరికీ హాని చేయదు.

పుట్టుక ప్రకారం వర్గీకరించే పని ఈ మధ్య పెద్ద ఎత్తున జరిగింది. అమెరికాలో రాబర్ట్ హేజన్, షానా మోరిసన్ 2022లో ప్రచురించిన పరిశోధనలో 5,659 ఖనిజాలను తీసుకుని, అవి పుట్టే మార్గాలను 57గా విడదీశారు. దాదాపు 60 శాతం ఖనిజాలు ఒక్క మార్గంలోనే పుడతాయని తేలింది. పైరైట్ 21 మార్గాల్లో పుడుతుంది. అందరికన్నా ముందుంది అదే. 80 శాతానికి పైగా ఖనిజాల పుట్టుకలో నీటి పాత్ర ఉంది. వందల ఖనిజాలు మనిషి పనుల వల్ల, గనుల్లో అంటుకున్న మంటల వల్ల పుట్టినవి. మార్గాలు 57 అన్న లెక్కను నేను అంత పట్టించుకోను. గీతలు ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి అది 40 కావచ్చు, 70 కావచ్చు. నీటి పాత్ర గురించి తేలిన సంగతి మాత్రం ఏ గీతలు గీసినా మారదు. నీటి మధ్య బతికే మనకు అది తెలియాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. మన ప్రయోగశాలల్లో చెక్కపెట్టెలు ఉంటాయి. అందులో ఖనిజాలు, వాటి మీద అంటించిన అంకెలు. పిల్లలు అంకె చూసి పేరు చెబుతారు, పేరు చూసి ఫార్ములా రాస్తారు, మార్కులు వస్తాయి. ఆ రాయి ఎక్కడ దొరికింది, ఏ రాతిలో ఉంది, పక్కన ఏముంది అన్నది చాలా పెట్టెల్లో రాసి ఉండదు. పక్కనున్న రాతిని శుభ్రంగా కొట్టేసి, 'మంచి నమూనా' అని ఒక్క ఖనిజాన్నే ఉంచుతారు. అలా కొట్టేసినప్పుడు పోయేది సహవాసం. నా మాట వింటే, అంత శుభ్రమైన నమూనాలు కొనకండి. మట్టి అంటిన ముక్కలు, రెండు మూడు ఖనిజాలు కలిసి ఉన్న ముక్కలు పిల్లల చేతికివ్వండి. పేరు తర్వాత చెప్పవచ్చు. ముందు 'ఇవి ఎందుకు కలిసి ఉన్నాయి' అని అడగండి.

విద్యార్థులకు పని చెబుతాను. మీలో గౌతమి ఒడ్డు వాళ్లున్నారు, వసిష్ఠ ఒడ్డు వాళ్లున్నారు, వైనతేయ ఒడ్డు వాళ్లున్నారు. ఎవరి పాయ ఇసుక వాళ్లు తీసుకురండి. నదిలోది ఒక పొట్లం, మొగ దగ్గరి ఒడ్డుది ఒక పొట్లం. పొట్లం మీద ఊరి పేరు, పాయ పేరు, తేదీ, నీటి అంచు నుంచి ఎన్ని అడుగుల దూరం, ఎంత లోతున తీశారు, పైన ఏముంది, కింద ఏముంది అన్నవి పెన్సిలుతో రాయండి. పెన్ను రాత తడికి చెదిరిపోతుంది. ఏ రాత లేని పొట్లం తేవద్దు. గౌతమి గార్నెట్, వసిష్ఠ గార్నెట్ ఒకే పాళ్లలో ఉన్నాయా, ఎండాకాలపు ఇసుకకూ వరద తీసిన తర్వాతి ఇసుకకూ తేడా ఉందా అన్నది మీరే లెక్కపెట్టి చెప్పాలి. ఒక్కో నమూనాలో కనీసం 300 రేణువులు లెక్కపెట్టండి, అంతకు తక్కువైతే పోలికకు నిలవదు.

వెనక బల్ల మీద అంతర్వేది నల్ల ఇసుక, గౌరీపట్నం రాయి, ఉప్పుమడి జిప్సం, మూతబిగించిన సీసాలో కోరంగి బురద పెట్టాను. సీసా మూత తెరిచేటప్పుడు కిటికీ దగ్గరికి తీసుకువెళ్లండి. అయస్కాంతాన్ని ఇసుకలో నేరుగా పెట్టకండి, కాగితం కింద పెట్టండి. లేకపోతే మాగ్నెటైట్ దానికి అంటుకుని ఊడి రాదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.